డాక్టరుగారి ఎడమ కాలు, మా వదిన రెండు కాళ్ళు

మా వదిన యోనే పుట్టింది కొండ మీద. అక్కడ వరి పండదు. కొర్రలు, బార్లీ, మల్బరీ ఆకులు, పట్టుపురుగులు, అంతే. మాది కింద, లోయలో, కాలవ చివర ఉన్న అషిహారా. ఊరి చుట్టూ ఎప్పుడూ నీళ్ళు నిలిచే మళ్ళు. కోఫు పట్నం బజారులో మా బియ్యానికి మంచి పేరుండేది. మా మనుషులకు ఉండేది కాదు. మా ఊరి మగవాళ్ళు నడివయసు రాకముందే పచ్చబడిపోయి, కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఎండి, కడుపు మాత్రం బానలా ఉబ్బి చచ్చిపోయేవాళ్ళు. దాన్ని నీళ్ళ కడుపు అనేవాళ్ళం. మా నాన్న అలాగే పోయాడు. మా పెద్దన్నయ్యా అలాగే పోయాడు. రష్యాతో యుద్ధం వచ్చినప్పుడు పటాలంలోకి మనుషుల్ని తీసుకోవడానికి వచ్చిన అధికారి మా ఊరి కుర్రాళ్ళను వరసగా నిలబెట్టి చూసి, ఇళ్ళకు పొమ్మన్నాడు. వాళ్ళు తలలు వంచుకుని తిరిగొచ్చారు. వాళ్ళ అమ్మలు పైకి ఏడ్చి లోపల సంతోషించారు.

ఆ జబ్బు ఎందుకొస్తుందో ఎవరికీ తెలియదు. మా అమ్మ తొరా పొద్దున్నే మళ్ళ మీద లేచే పొగమంచు వల్ల అనేది. పక్కింటివాళ్ళు పూర్వులెవరో కాలవలో చేసిన పాపం అనేవాళ్ళు. నెగిషి డాక్టరుగారు నీళ్ళన్నాడు.

నెగిషి డాక్టరుగారిది పక్క ఊరు. చదువుకోవడానికి టోక్యో వెళ్ళి, అక్కడ ఉండగలిగి కూడా తిరిగొచ్చిన మనిషి. చచ్చిన ఆవుల్నీ పిల్లుల్నీ కోసి, వాటి కాలేయంలోంచి దారపు పోగంత పురుగును తీసి గాజుసీసాలో వేసి ఇంటింటికీ తిప్పి చూపించాడు. ఈ పురుగే మిమ్మల్ని చంపుతోంది, కాలవ నీళ్ళతో పాటు కడుపులోకి పోతోంది, కాచుకుని తాగండి అని చెప్పాడు. మేము కాచుకున్నాం. కట్టెలు కరువైన ఊళ్ళో వానాకాలం పూట కూడా కాచుకున్నాం. అయినా జనం పోతూనే ఉన్నారు. పట్నం డాక్టర్లు ఆ మాట నమ్మలేదు. రైతులు కాచామని చెప్తారు కానీ కాచరు అన్నారట. ఆ మాట మా అమ్మ చెవిన పడ్డప్పుడు ఆమె పొయ్యి మీది నీళ్ళ కుండను దింపి, మొహం చిట్లించుకుని చాలాసేపు దానికేసే చూసింది.

డాక్టరుగారికి మాత్రం అనుమానం మొదలైంది. పురుగు నోట్లోంచి కాకుండా చర్మంలోంచి దూరుతోందేమో. అది తేల్చాలంటే ఒక మనిషి కాచిన నీళ్ళే తాగుతూ మడిలో కాలు పెట్టాలి. ఎవరినీ అడగడం ధర్మం కాదని ఆయనే పెట్టాడు.

ఆయన ఎంచుకున్నది మా మడినే. కాలవ చివర కాబట్టి అన్ని మళ్ళ కంటే చెడ్డదని పేరు దానికి. ఎండాకాలం నడిమధ్యన ఒక పొద్దున వచ్చాడు. కుడి కాలికి నూనె పట్టించిన గుడ్డ తొడ దాకా చుట్టుకుని, ఎడమ కాలు ఉత్తదే పెట్టి, మడిలో దిగి నిలబడ్డాడు. చేతిలో గొడుగు. పని మానుకుని ఊరంతా గట్టు మీద చేరింది. మా అన్నయ్య గెన్‌సకు అనేవాడు నవ్వాపుకోలేక గుర్రం వెనక్కు వెళ్ళి నిలబడ్డాడు. మధ్యాహ్నానికి ఆయన బయటికొచ్చి కూర్చుంటే ఎడమ కాలి నిండా ఎర్రటి దద్దుర్లు. ఆ దద్దుర్లు మా అందరికీ తెలుసు. నాట్లప్పుడు అందరికీ వచ్చేవే. మడి కాటు అనేవాళ్ళం, గోక్కుని ఊరుకునేవాళ్ళం. దానికీ నీళ్ళ కడుపుకూ సంబంధం ఉంటుందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

"మేము రోజూ పెట్టే కాళ్ళే గదా ఇయి," అంది మా అమ్మ, ఎవరితోనో కాదు, తనతో తనే అన్నట్టు. "ఈయన ఒక్క పూట పెడితే ఇంతమంది చూడ్డానికొచ్చారు."

ఆకులు రాలే కాలానికి డాక్టరుగారికి జ్వరం, నెత్తురు విరేచనాలు పట్టుకున్నాయి. తన మలం తనే మైక్రోస్కోపు కింద పెట్టుకుని చూసుకుంటే పురుగు గుడ్లు కనిపించాయట. ఆ రోజు ఆయన నీరసంగా నడుచుకుంటూ మా ఊరొచ్చి, ఇల్లిల్లూ తిరిగి, దొరికింది దొరికింది అని చెప్పాడు. తనకు జబ్బు పట్టుకుందని అంత సంబరంగా చెప్పిన మనిషిని మేము అంతకుముందు చూడలేదు. మంచి మాటో చెడ్డ మాటో తెలియక మేమూ తల ఊపాం.

ఆ ఏడే కోతలయ్యాక మా అన్నయ్య పెళ్ళయింది. గెన్‌సకు తన గుర్రం మీద బియ్యం వేసుకుని కొండెక్కి, తిరిగొచ్చేటప్పుడు బొగ్గులు తెచ్చేవాడు. దారిలో యోనేవాళ్ళ ఇంటి ముందు గుర్రానికి నీళ్ళు పెట్టేవాడు. మా ఊరికి కొండవాళ్ళు పిల్లనివ్వరు. అయినా ఆమె పట్టుబట్టి వచ్చింది. వాళ్ళ మామ్మ నిజంగానే చావు ఇంట్లో ఏడ్చినట్టు ఏడ్చిందట. ఎందుకొచ్చావు వదినా అని తర్వాతెప్పుడో అడిగాను. "మీ అన్న గుర్రంతో మాట్లాడతాడే. 'ఈ మలుపు దాటాక కూర్చుందాంలే, కాస్త ఓర్చుకో' అంటాడు. మగాడు అట్టా మాట్లాడ్డం నేను అప్పటిదాకా చూళ్ళా," అంది.

ఆమె పొట్టి మనిషి, గట్టి మనిషి, బుగ్గలు ఎర్రగా ఉండేవి. మా ఇంట్లో అందరి కంటే ఎక్కువ తినేది. గుమ్మడికాయ ముక్కలేసి ఉడికించిన గోధుమ సేమ్యా గిన్నె మా అమ్మ ముందు పెట్టి, "ఇంకాస్త వేస్తా అత్తా, తినకపోతే నాకు సిగ్గేస్తుంది," అనేది. అలా చూస్తే మాకు ఈర్ష్యగా ఉండేది. ఆరోగ్యం అంటే ఇలా ఉంటుందా అనిపించేది.

ఆ చలికాలంలో కోఫులో డాక్టర్ల సభ జరిగింది. నెగిషి డాక్టరుగారు లేచి తన కాలి సంగతి చెప్పాడు. చప్పట్లు కొట్టారట, ధైర్యాన్ని మెచ్చుకున్నారట, మాట మాత్రం నమ్మలేదట. మీరు ఎన్నేళ్ళుగానో ఈ లోయలో ఉంటున్నారు, ఎన్ని కాలవలు దాటారో ఎన్ని చోట్ల టీ తాగారో, పురుగు అంతకుముందే మీ ఒంట్లో లేదని ఎలా చెప్పగలరు అన్నారు. ఈ లోయ నీళ్ళు ఎరగని మనిషి మీద తేలితేనే ఒప్పుకుంటాం అన్నారు.

అది జరిగాక ఆయన మా ఇంటికి వచ్చాడు. మా అమ్మ టీ, ఊరబెట్టిన ముల్లంగి పెట్టింది. టీ ఎసరు పెట్టి కాచిందేనా అని అడగకుండా తాగాడు.  యోనే లోపల్నించి కట్టెలు తెచ్చి పొయ్యి దగ్గర పడేసి వెళ్ళింది. ఆయన ఆమెను చూసి, కళ్ళు దించుకుని, గిన్నె ఖాళీ చేసి లేచాడు. ఆయన గుమ్మం దాటాక మా అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయనకు ఏం కావాలో ఆమెకు అర్థమైంది. కొండ మీద పుట్టిన పిల్ల. కోతలయ్యాక వచ్చింది. ఇంకా ఒక్కసారి కూడా మా మడిలో కాలు పెట్టలేదు.

మళ్ళీ వచ్చినప్పుడు డాక్టరుగారు మా అన్నయ్యను పక్కకు పిలిచి, ఈసారి నాట్లకు నీ భార్యను దింపకు అని చెప్పాడు. వినగానే అన్నయ్య తెల్లబోయాడు. అతనికి అప్పటికే కడుపులో నొప్పి మొదలైంది. నాకు నడుం వంగదు, అమ్మ ముసలిది, మరి నాటేదెవరండీ అని అడిగాడు.  డాక్టరుగారు గుర్రం మెడ నిమిరాడు. ఎలాగూ దిగక తప్పదంటే, దిగే ముందు ఒకసారి, దిగాక కొన్నాళ్ళూ ఆమెను పరీక్ష చేయనివ్వండి, అప్పటిదాకా కాచిన నీళ్ళే ఇవ్వండి అన్నాడు. నేను ఆమెకు ఏమీ చేయను, చూస్తానంతే అన్నాడు.

ఈ మాటలన్నీ యోనే చాటు నుంచి వింది. బయటికొచ్చి గుమ్మంలో కూర్చుంది.

"డాక్టరుగారూ, మీరు చూస్తే నాకు జబ్బు రాకుండా పోద్దా?"

"లేదమ్మా."

"చూడకపోతే?"

"అప్పుడూ రావచ్చు."

"వస్తే మందుందా?"

"ఇప్పటికైతే లేదు."

"మరి చూసేది దేనికి?"

"నీకొస్తే అది ఎట్నుంచి వచ్చిందో తెలుస్తుంది. అప్పుడు మిగతావాళ్ళకు రాకుండా ఏదైనా చేయొచ్చు."

 "అయితే నాకు రావాలని కోరుకుంటున్నారన్నమాట," అంది. కోపంగా అనలేదు. దారి అడిగినట్టు అడిగింది.

డాక్టరుగారి మొహం అప్పుడెలా ఉందో నాకిప్పటికీ కళ్ళకు కడుతుంది. లేదు అనబోయాడు. ఆ మాట రాలేదు. "తెలీదమ్మా. నా కాలు పెట్టినప్పుడు ఇంత కష్టంగా లేదు," అన్నాడు.

యోనే సరే అంది. దేనికి సరే అందో మాలో ఎవరికీ స్పష్టంగా తెలియదు. నాటడానికా, చూడనివ్వడానికా, లేక ఆయన పాపం చిన్నబోయాడని సరే అందా. ఆమెకు తెలుసనీ నేను అనుకోను.

వసంతమంతా పరీక్షలు. వారానికోసారి ఆమె తన మలాన్ని ఆకులో పొట్లం కట్టి డాక్టరుగారి ఇంటికి తీసుకెళ్ళాలి. సిగ్గుతో చచ్చిపోయేది. దారిలో ఎవరైనా "ఏం తీసుకెళ్తున్నావే కొండపిల్లా?" అని అడిగితే, "డాక్టరుగారికి చిక్కుడు పిండి మిఠాయి," అనేది. ఆ మాట ఊరంతా పాకి, కొన్నాళ్ళు మా ఊళ్ళో ఎవరూ ఆ మిఠాయి ముట్టుకోలేదు. ప్రతిసారీ గుడ్లు లేవనే తేలింది. డాక్టరుగారు శుభ్రంగా ఉన్నావమ్మా అనేవాడు. ఆ మాటకు ఆమె సంతోషించాలో లేదో తెలియనట్టు నాకేసి చూసేది.

నాట్ల రోజొచ్చింది. డాక్టరుగారు పొద్దున్నే వచ్చాడు. అప్పటికే ఆయన పచ్చబడ్డాడు, గట్టు మీద నడుస్తుంటే ఆయాసం. చేతిలో ఒక మూట. విప్పితే నూనె గుడ్డ పట్టీలు, ఒక్క కాలికి కాదు, రెండు కాళ్ళకూ. వాటిని యోనే ముందు పెట్టాడు.

"ఇవి చుట్టుకో," అన్నాడు.

మా అన్నయ్యకు అర్థం కాలేదు. "చుట్టుకుంటే మీకు కావలసింది తేలదు గదండీ?"

"తేలదు. చుట్టుకోనీ."

ఆయన రాత్రంతా నిద్రపోలేదని మొహం చూస్తే తెలిసిపోతోంది. యోనే చుట్టుకుంది. నేనే ముడులు వేశాను. దిగాం. మా అమ్మ, నేను, పక్కింటి ఆడవాళ్ళు, ఆమె. కొండపిల్లకు నాటడం రాదు. వంకరగా నాటేది, మేము ఎక్కిరిస్తే తనూ నవ్వేది. పట్టీలు తడిసి బరువెక్కాయి. బురద వాటిని పట్టి లాగేది. ఒక కాలు ఎత్తితే పట్టీ అక్కడే ఉండిపోయేది. రెండుసార్లు పడింది. నారు కట్ట నీళ్ళలో చెల్లాచెదురైంది. పక్కింటివాళ్ళ వరస ఎప్పుడో ముందుకు పోయింది. మా మడికి నీళ్ళు వదిలే వంతు మధ్యాహ్నంతో అయిపోతుంది, ఆలోగా ముగించాలి. యోనే గట్టు దగ్గరకెళ్ళి, పట్టీలు రెండూ విప్పి, పిండి, గట్టు మీద ఆరేసి, ఉత్త కాళ్ళతో తిరిగి దిగింది.

డాక్టరుగారు ఆ పట్టీలకు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. ఆయన నోరు తెరవడం నేను చూశాను. ఒక అడుగు ముందుకు వేయడమూ చూశాను. తర్వాత నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా అక్కడే నిలబడ్డాడు.

యోనేకు దద్దుర్లు వచ్చాయి. నడివేసవిలో జ్వరం వచ్చింది. తర్వాత ఆమె తీసుకెళ్ళిన ఒకానొక పొట్లంలో గుడ్లు కనిపించాయి. డాక్టరుగారు ఈసారి ఇల్లిల్లూ తిరగలేదు. మా ఇంటికి ఒక్కదానికే వచ్చి చెప్పి వెళ్ళిపోయాడు.

మళ్ళీ సభ జరిగింది. ఈసారి నమ్మారు. యోనేను కూడా రమ్మన్నారు, నేను తోడు వెళ్ళాను. మమ్మల్ని గోడ పక్కన కూర్చోబెట్టారు. డాక్టరుగారు తన కాలి గురించి, తర్వాత ఆమె గురించి చదివాడు. పేరు చెప్పలేదు. కొండ ప్రాంతపు యువతి ఒకరు ఇష్టపూర్వకంగా పరీక్షకు ఒప్పుకున్నారు అని చదివాడు. ఆ వాక్యం దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. అందరూ లేచి నిలబడి ఆయనకు వంగి నమస్కరించారు. తిరుగుదారిలో యోనే, "కయో, ఇష్టపూర్వకంగా అంటే ఏంది?" అంది.

"నీకు ఇష్టమయ్యి చేశావని."

"నాటడమా?"

"జబ్బు తెచ్చుకోవడం."

"ఓహో," అంది. కాస్త దూరం పోయాక, "నాకు అయిష్టం అని కూడా చెప్పలేను గదా. నేనే విప్పాను," అంది. 

ఆ సభ వల్ల మేలు జరిగింది, కాదనను. నోరు కాదు, చర్మం అని తేలాక పురుగు నీళ్ళలో ఎక్కడుంటుందో వెతికారు. బియ్యపు గింజంత నత్తలో ఉందని ఇంకెవరో కనిపెట్టారు. మేమంతా కాలవ ఒడ్డున కూర్చుని అన్నం తినే పుల్లలతో నత్తలు ఏరాం. కాలవలకు సున్నం చల్లారు. కానీ అంతలో మా అన్నయ్య కడుపు ఉబ్బింది. గుర్రం ఎక్కలేకపోయాడు, తర్వాత గుర్రం దగ్గరికి నడవలేకపోయాడు. పోయే ముందు యోనేతో నిన్ను కొండ మీదే ఉంచాల్సింది అన్నాడట. గుర్రంతో మాట్లాడే గొంతుతో అన్నాడని ఆమె చెప్పింది.

డాక్టరుగారు ఇంకొన్నేళ్ళు బతికాడు. ఇద్దరికీ ఒకే పురుగు కాబట్టి యోనే అప్పుడప్పుడూ వెళ్ళి పలకరించేది. ఇద్దరూ కాళ్ళ వాపులు చూపించుకునేవాళ్ళు, ఏం తింటే అరుగుతోందో చెప్పుకునేవాళ్ళు. ఆఖరి శీతాకాలంలో నేనూ ఆమెతో వెళ్ళాను. ఆయన పరుపు మీదే లేచి కూర్చుని, ఆమెకు తల నేలకానించి నమస్కరించాడు. మేము కంగారుపడ్డాం.

"ఆ రోజు నువ్వు పట్టీలు విప్పినప్పుడు నేను ఆపలేదు. చూశాను, ఆపలేదు," అన్నాడు.

యోనే నిజంగానే తికమకపడింది. "మీరు చూశారా? నేను మిమ్మల్నే చూళ్ళా. నారు తేలిపోతంటే మీ మొహం చూసే తీరిక నాకెక్కడిదండీ?"

"అరిస్తే ఆగేదానివి."

"ఆగేదాన్ని కాదు. నాటేదెవరు?"

"ఆగేదానివేమో."

"ఏమో," అంది. మళ్ళీ తనే, "నాకు మీ మీద కోపం రావాలా డాక్టరుగారూ? వస్తే బాగుండేదేమో, రావట్లా. మీరు మంచివాళ్ళని అందామంటే అదీ నోట్లోంచి రావట్లా," అంది.

ఆయన తల ఊపాడు. ఆ మాట ఆయనకు ఊరటగా ఉందో, ఇంకాస్త గుచ్చుకుందో నేను చెప్పలేను. దుప్పటి సర్ది, పక్కనున్న నారింజపండు వలిచి ఆయన చేతిలో పెట్టి, ఇద్దరం వచ్చేశాం. వసంతం రాకముందే ఆయన పోయాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు సూదిమందు వచ్చింది. యోనే వేయించుకుంది. ప్రతి సూదికీ వాంతులు, గుండె దడ, ఇంకొద్దు అనేది, మళ్ళీ తనే లేచి వెళ్ళేది. బతికింది. బుగ్గల్లో ఎరుపు మాత్రం మళ్ళీ రాలేదు. ఇద్దరం ఒకే ఇంట్లో ముసలివాళ్ళమయ్యాం. మడికి నీళ్ళు ఆపేసి పీచ్ చెట్లు వేశారు.

మొన్నీమధ్య డాక్టరుగారి పేర రాతి ఫలకం పెడుతున్నారని పంచాయతీ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. మామ్మా, మీరు మీ అంతట మీరే ఒప్పుకున్నారా అని అడిగాడు. అవునంది. రెండు వారాలకు వైద్య కళాశాల నుంచి ఒకమ్మాయి వచ్చి, మిమ్మల్ని బలవంతపెట్టారా అని అడిగింది. దానికీ అవునంది. ఆ పిల్ల వెళ్ళాక నేను కోప్పడ్డాను. ఇద్దరికీ ఒకే మాట చెప్పాలి గదా, ఇందులో ఏది నిజం అన్నాను.

"ఆయన అడిగినప్పుడు ఆలోచిస్తే అదే నిజమనిపించింది. ఈ పిల్ల అడిగినప్పుడు ఇదనిపించింది," అంది యోనే. "నువ్వు అక్కడే ఉన్నావు గదా. నీకేమనిపించింది?"

నేను గట్టు మీది డాక్టరుగారిని, ఆయన తెరిచి మూసిన నోటిని తలుచుకున్నాను. ముడులు వేసింది నా చేతులే. విప్పుతుంటే మడిలోంచి చూస్తూ నేనూ ఊరుకున్నాను. అప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. నీళ్ళ వంతు అయిపోతుందనే తొందరలో ఉన్నాను. ఆ మాటే చెప్పాను.

 పీచ్ పిందెలు దగ్గర దగ్గరగా పట్టాయి, కొన్ని తుంచేయాలి, నిచ్చెన పట్టుకోమంది. నేను కింద నిలబడి పట్టుకున్నాను. ఆమె ఎక్కింది.